‘జర’ నొప్పికి నేను రాసిన ఇంగ్లిషు మాట

నా చేతికి ఒక అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా పెన్ను చేతికిచ్చి ఏదైనా రాయమంటే, మొదటి మాట పెట్టే ముందు అరక్షణం ఆగిపోతుంది. మా మనవరాలి స్కూలు ఫారం నింపుతున్నా అంతే. “ఏంది నానమ్మా, నా పేరు యాది మర్చినవా?” అని నవ్వుతుంది. పేరు గుర్తుంది. భయం కూడా గుర్తుంది, అందుకే చెయ్యి ఆగుతుంది.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నర్సుగా పనిచేశాను. చేరినప్పుడు అంతా ఒకటే జిల్లా. ఇప్పుడు లెక్క చెప్పాలంటే భూపాలపల్లి వైపు మొదలుపెట్టి, మహబూబాబాద్ వైపు ఎక్కువకాలం ఉండి, జనగామలో రిటైరయ్యాను. మా చర్చిలో పాటలు పాడే ఒక అమ్మాయికి ఈ మధ్య నర్సు ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, “అత్తమ్మా, పోయే ముందుగాల ఏం నేర్చుకోవాలె?” అని అడిగింది. సూది వేయడం, సెలైను పెట్టడం నాకన్నా ఆమెకే బాగా వచ్చు. “చిట్టీ రాసుడు నేర్చుకో బిడ్డా” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆ రోజు నాకు ధైర్యం చాలలేదు. కాబట్టి ఇది రాస్తున్నాను.

రెండు వరుసలు

మన దగ్గర నయం కాని రోగిని పెద్ద దవాఖానకు పంపేటప్పుడు ఒక చిట్టీ రాస్తాం. డాక్టరు ఉంటే డాక్టరు రాస్తాడు. లేని రోజున మనమే రాయాలి. బయటివాళ్లకు అది ఒక కాగితం. నిజానికి మన ఉద్యోగమంతా అందులోనే ఉంటుంది. అంబులెన్సు తలుపు మూసుకున్నాక మన చెయ్యి రోగితో పోదు, మన గొంతు పోదు. ఆ రెండు వరుసల ఇంగ్లిషు ఒక్కటే పోతుంది. అక్కడ దాన్ని చూసినవాళ్లు మనిషిని బల్ల మీద కూర్చోబెట్టాలా, స్ట్రెచర్ మీద లోపలికి తోయాలా అన్నది అర నిమిషంలో తేల్చేస్తారు.

వయసు, బీపీ, నాడి అంకెలే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. జబ్బు పేరు తప్పినా అక్కడ దిద్దుకుంటారు. చిక్కంతా ఆ పేరు ముందు పెట్టే చిన్న మాటతోనే. నొప్పి సరే, ఎంత నొప్పి? నెత్తురు సరే, ఎంత నెత్తురు? ఆ ‘ఎంత’కు ఇంగ్లిషులో హై, హెవీ, సివియర్, మైల్డ్, స్లైట్ అని మాటలున్నాయి. చూడటానికి పిడికెడంత కూడా ఉండవు. నేను వాటితో పడ్డ భయం కలరా రోజుల్లో కూడా పడలేదు.

దూడకు తల్లి యాదికుంటది

నాకు చిన్నప్పుడు ఆయాసం. చలికాలమంతా పిల్లికూతలే. మూడు కిలోమీటర్లు నడిచి బడికి పోలేనని అమ్మ నన్ను ఇంట్లోనే పెట్టుకుని చదివించింది. అమ్మ చదివింది ఐదు. పెళ్లికి ముందు ఒక మిషన్ దవాఖానలో ఆయాగా చేసింది కాబట్టి అక్కడి దొరసానుల నోట విన్న ఇంగ్లిషు కొంత నిలిచిపోయింది. దానికి స్పెల్లింగులు ఉండవు, వాడకం ఉంటుంది.

అమ్మ పాఠం చాటలో బియ్యం చెరుగుతూనే నడిచేది.

“చీకటికి ఏమొస్తది?”

“కటిక చీకటి.”

“అబద్ధానికి?”

“పచ్చి అబద్ధం.”

“ఎండకు?”

“మండుటెండ.”

“కటిక ఎండ అంటే?”

నేను పడీ పడీ నవ్వేదాన్ని. అమ్మ చాట ఆపేది. “నవ్వొచ్చింది గదా? మందల నూరు ఆవులున్నా దూడకు దాని తల్లి యాదికుంటది. మాట గూడ గంతే బిడ్డా. ఇంగిలీసుల జ్వరానికి హై అంటరు, వానకు హెవీ అంటరు. హెవీ జ్వరం అంటే దొరసానమ్మ నువ్వు నవ్వినట్టే నవ్వుతది.”

తర్వాత నేను చదివిన ఏ గ్రామరు పుస్తకమూ ఇంతకన్నా బాగా చెప్పలేదు. ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసై, ఆ తర్వాత చదువు కూడా అలాగే గట్టెక్కి, నర్సింగులో సీటు తెచ్చుకున్నానంటే ఆ చాట పుణ్యమే. అమ్మ ఇంకొకటి కూడా నేర్పింది. పొద్దున లేచి ముఖం కడగకముందే మూడు సంగతులకు దేవునికి వందనాలు చెప్పాలి. ఊపిరి ఆడిన రోజు మొదటి వందనం ఊపిరికే. ఇప్పటికీ అదే వరుస.

అన్నీ సివియరే

మొదటి పోస్టింగు భూపాలపల్లి వైపు ఒక చిన్న కేంద్రం. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పత్తి ఏరే కాలంలో మొగుళ్లపల్లి చుట్టుపక్కల నుంచి కూలీలు వచ్చేవారు. పాము కాట్లు, చేనుకు మందు కొడుతూ కళ్లు తిరిగి పడటాలు, కాన్పులు. నాకు ఒకటే భయం: నేను పంపిన మనిషి దారిలో పోతే? ఆ భయంతో ప్రతి చిట్టీ మీదా సివియర్ అని రాశాను. పన్ను నొప్పికి వెరీ సివియర్. తేలు కుడితే వెరీ వెరీ సివియర్. ఒకసారి చెవిపోటు వచ్చిన ముసలాయనకు వెరీ అన్‌బేరబుల్ అని కూడా రాశాను.

అక్కడి డాక్టరు గారిది కృష్ణా జిల్లా. మంచివారు, తిక్కవారు, రెండూ. ఆ చెవిపోటు చిట్టీ పట్టుకుని నన్ను పిలిచారు.

“ఏమ్మా ఎస్తేరూ, భరించలేనిది అన్నాక దానికి మళ్లీ చాలా ఎందుకు? చచ్చినవాడిని చాలా చచ్చాడు అంటామా?”

“అనం సార్.”

“మరి! గీత దాటేసిన మాటలకి వెరీ పెట్టకూడదు. సివియర్ అనేది అరుపమ్మా. రోజూ అరిస్తే నీ గొంతూ పోతుంది, ఎదుటివాడి చెవీ పోతుంది.”

ఆ మాట నిజమని వారంలోనే తెలిసింది. పెద్ద దవాఖాన కాన్పుల వార్డులో విమల అనే సిస్టరు ఉండేది, నా ఈడుదే. ఒక మీటింగులో కలిసినప్పుడు అందరి ముందే అన్నది: “ఎస్తేరక్క చిట్టీ వచ్చిందంటే మేం నిమ్మలంగ చాయ్ తాగి చూస్తం. ఆమెకు చీమ కుట్టినా సివియరే.” అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి, ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఆ డాక్టరు గారికే నేను ఒక అర్థం చెప్పాను. అది నా మెడకే చుట్టుకుంది కాబట్టి ఇక్కడ రాయాలి. కొత్తలో ఆయనకు మా మాట పట్టుబడేది కాదు. ఒక అవ్వ వచ్చి, “జర నడుం నొస్తాంది సారూ” అన్నది. ఆయన థర్మామీటరు తీశారు.

“జ్వరం కాదు సార్, జర అన్నది” అన్నాను.

“జర అంటే? ముసలితనమా? అది కనిపిస్తూనే ఉందిగా!”

అవ్వ ఊరుకోలేదు. “నీకు రాదా ముసల్తనం? జర సూడు బిడ్డా అంటే పరాష్కాలాడుతున్నవ్!”

ఆయన పకపకా నవ్వి నన్ను అడిగారు. నేను తడుముకోకుండా చెప్పాను: “జర అంటే కొంచెం, సార్.” ఆయన చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు, పక్కన ఇంగ్లిషులో స్లైట్ అని. నాకు గర్వమనిపించింది. నవ్వులపాలైన దాన్ని, ఒక డాక్టరుకు మాట నేర్పాను కదా అని.

మీటింగులో ఆ నవ్వుల తర్వాత నేను పూర్తిగా అటు నుంచి ఇటు తిరిగిపోయాను. సివియర్ రాయడమే మానేశాను. కూరలో కారం ఎక్కువైందన్నారని ఉప్పు కూడా మానేసిన కోడలిలా అయ్యాను. ఎవరూ నవ్వలేదు. నా చిట్టీలు పద్ధతిగా ఉన్నాయని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలూ, మీ రాతను ఎవరూ తప్పుపట్టని రోజులు వస్తే కొంచెం ఎక్కువే భయపడండి.

“మా కోడలు లొల్లి చెయ్యది”

చాలా ఏళ్ల తర్వాత మహబూబాబాద్ దగ్గర, బయ్యారం వైపు ఒక కేంద్రంలో ఉన్నాను. చుట్టూ తండాలు. ఆ రోజు డాక్టరు మహబూబాబాద్‌లో నెలవారీ మీటింగుకు వెళ్లారు. బయట రోగుల లైను గేటు దాకా ఉంది. పదిన్నరకు సోనాబాయి అనే లంబాడీ ఆవిడ తన కోడలిని తీసుకుని వచ్చింది. కోడలి పేరు కమ్లి. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎనిమిదో నెల, తొలిచూలు. తండా నుంచి రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి వచ్చారు.

పడుకోబెట్టి అడిగాను. “నొప్పి ఎట్లున్నది బిడ్డా?”

కమ్లికి తెలుగు తక్కువ. అత్త ముఖం చూసి, మాట వెతుక్కుని, నన్ను వాళ్ల భాషలో బాయి, అంటే అక్కా, అని పిలిచి చెప్పింది. “జర నొస్తాంది బాయి.”

“ఎప్పటిసంది?”

సోనాబాయి అందుకుంది. “పొద్దుగాల్నుంచి గిట్లనే జర జర అంటాంది సిస్టరమ్మ. చాయ్ గూడ తాగలే. మా కోడలు మంచిది, లొల్లి చెయ్యది. మా పక్కింటి పోరి ఉన్నది, కాలుకు ముల్లు గుచ్చుకుంటే తండ అంత లేపుతది.”

నేను నవ్వాను. అది ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

బీపీ బాగానే ఉంది. నాడి కాస్త వేగంగా ఉంటే, నడిచి వచ్చింది కదా అనుకున్నాను. బట్టకు రెండు మూడు నెత్తురు మరకలు. కడుపు మీద చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. నొప్పులు మొదలవుతున్నాయేమో అనుకున్నాను. లోపలి బిడ్డ గుండె చప్పుడు కోసం గొట్టం పెట్టి విన్నాను. బయట లైనులో గోల. విన్నానో, విన్నాననుకున్నానో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. ఆ రోజు మాత్రం విన్నాననే రాశాను.

ఎనిమిదో నెలలో నెత్తురు కనిపిస్తే పంపించి తీరాలి. చిట్టీ తీసుకుని, స్లైట్ బ్లీడింగ్ అని రాశాను. అది నిజమే, కళ్లతో చూశాను. దాని వెంటే స్లైట్ పెయిన్ అని రాశాను. పెన్ను ఆగలేదు. జర అంటే స్లైట్. నేను చెప్పిన అర్థమే కదా.

అంబులెన్సు వచ్చేదాకా ఆమెను ఆ మంచం మీదే ఉంచి లైను చూశాను. ఎక్కిస్తుంటే మెట్టు మీద కాలు పెట్టి కమ్లి “యాడీ” అన్నది. వాళ్ల భాషలో అమ్మా అని. ఒక్కసారే, ఊపిరితో. నేను తలుపు మూసి, పెద్ద ఆపద ఏమీ కాదు ప్రభువా, వందనాలు అనుకుని లైను దగ్గరికి వెళ్లిపోయాను.

తువ్వాల

లైను తగ్గేసరికి గంటంబావు పట్టింది. దుప్పటి మార్చుదామని ఆ మంచం దగ్గరికి వెళ్లాను. తలగడ కింద ఒక తువ్వాల ఉండచుట్టి ఉంది. సోనాబాయిది, మరిచిపోయి వెళ్లినట్టుంది. తీస్తే ఒక మూల ఇంకా తడిగా ఉంది. విప్పాను. ఆ మూల రెండు మడతలు కలిపి తూటు పడి ఉంది. చుట్టూ పళ్ల గాట్లు. నేత పోగులు తెగి వేలాడుతున్నాయి.

నా పక్కనే పడుకుని, నేను అవతలి మనిషికి మాత్రలు లెక్కపెట్టిస్తున్నప్పుడు, ఆ పిల్ల దీన్ని నోట్లో కుక్కుకుని కొరికింది. లొల్లి చెయ్యదని అత్త మెచ్చుకున్న కోడలు.

ఒక్కసారిగా అన్నీ వరుసలో నిలబడ్డాయి. గట్టి కడుపు. పరుగెత్తే నాడి. వినపడిందో లేదో తెలియని గుండె చప్పుడు. నెత్తురు బయటికి తక్కువ వస్తున్నదంటే లోపల తక్కువ ఉన్నట్టు కాదని చదువుకున్నదే. మావి, అంటే మాయ, కాన్పుకు ముందే విడిపోతే నెత్తురు లోపలే నిండుతుంది. తల్లికి గంటల వ్యవధి ఉండదు. అప్పటికే గంటంబావు.

అంబులెన్సు డ్రైవరుకు ఫోన్ చేశాను. మా కేంద్రంలో సిగ్నల్ వెనక నీళ్ల ట్యాంకు మెట్ల మీదే దొరికేది. “దింపిన సిస్టరమ్మ. చిట్టీ చూసి బయట బల్ల మీద కూసోవెట్టిండ్రు. ఇంక లోపలికి పిలువలే” అన్నాడు.

కాన్పుల వార్డుకు చేశాను. ఎత్తింది విమల. నా చిట్టీ వస్తే చాయ్ తాగి చూస్తామన్న విమలే. అప్పటికి మహబూబాబాద్‌కు బదిలీ అయి, వార్డు పెద్ద సిస్టరు అయింది.

“విమలా, బయ్యారం దిక్కు నుంచి ఒక లంబాడి పిల్ల వచ్చింది, కమ్లి. ముందుగాల ఆమెను చూడు తల్లీ.”

“ఏదీ, చిట్టీ ఉన్నది ఈడనే. స్లైట్ పెయిన్, స్లైట్ బ్లీడింగ్. నువ్వే రాసినవ్ గదక్కా? పొద్దుగాల నుంచి ముగ్గురు సివియర్లు ఉన్నరు నా నెత్తి మీద.”

“తప్పు రాసిన విమలా. అది సివియర్.”

అటు నుంచి చిన్న నవ్వు వినపడింది. కోపం లేదు, అలసట ఉంది. “ఎస్తేరక్కా, నీ సివియర్ నాకు కొత్తనా?”

నా దగ్గర ఇంకే ఇంగ్లిషు మాట ఉంది? వెరీ సివియర్ అనాలా? వెరీ వెరీ అనాలా? ఉన్నదంతా పన్ను నొప్పులకు, తేలు కాట్లకు ఎప్పుడో ఖర్చుపెట్టేశాను. ఒక పిల్ల ప్రాణం బల్ల మీద కూర్చుని ఉంది, ఆమెకు వాడటానికి నా దగ్గర మాట మిగల్లేదు. అంత భయం నాకు అంతకు ముందు లేదు, తర్వాత లేదు.

చేతిలో తువ్వాల ఉంది. దాన్నే చెప్పాను.

“విమలా, నా మాట ఇడిసిపెట్టు. నా చేతుల ఆ పిల్ల తువ్వాల ఉన్నది. పండ్లతోని కొరికి తూటు పెట్టింది. రెండు మడతలకు. తూట్లకెల్లి నా ఏలు పోతాంది. ఒక్క అరుపు అరవలే. కడుపు పొద్దుగాల గట్టిగ తగిలింది. బిడ్డ గుండె చప్పుడు విన్ననో లేదో నాకు నమ్మకం లేదు. నువ్వు పోయి ఒక్కసారి కడుపు మీద చెయ్యి పెట్టు. అంతే. తర్వాత నీ ఇష్టం.”

“ఫోన్ పెట్టకు” అన్నది విమల.

చెప్పుల చప్పుడు దూరమవడం వినపడింది. ఎవరో పసిబిడ్డ ఏడుపు. బకెట్టు లాగిన చప్పుడు. నేను ఎండలో మెట్టు మీద ఫోన్ చెవికి అదుముకుని కూర్చున్నాను. అప్పుడు దూరం నుంచి విమల గొంతు, ఆమె అంత పెద్దగా అరవగలదని నాకు తెలియదు: “స్ట్రెచర్ తేండ్రి! మేడమ్‌ను పిలువుండ్రి, ఉరుకుండ్రి!”

మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చి ఒక్క మాటే అన్నది. “పలక లెక్కున్నదక్కా.” కడుపు రాయిలా బిగుసుకుందని. ఫోన్ కట్ అయిపోయింది.

సెలైను డబ్బాలు పెట్టే గదిలోకి పోయి మోకరించాను. ప్రార్థనకు మాటలు రాలేదు. అక్కడ కూడా ఏ మాట పెట్టాలో తెలియక తువ్వాల ముందు పెట్టుకుని కూర్చున్నాను. బయట ఎవరో, “సిస్టరమ్మ ఏడ పోయింది, బువ్వకు పోయిందా?” అని అడుగుతున్నారు.

మూడున్నరకు విమల ఫోన్ చేసింది. “తల్లి బతికింది. బిడ్డ దక్కలే.”

తప్పు ఎక్కడుంది

ఆపరేషను చేసిన మేడమ్, బిడ్డ పెద్ద దవాఖానకు వచ్చేసరికే పోయి ఉండొచ్చు అన్నారట. ఉండొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లు నిలబడి ఉన్నాను. ఆమె నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజమే అన్నదో అడిగే ధైర్యం నాకు రాలేదు. మా డాక్టరుకు ఆ సాయంత్రమే అంతా చెప్పాను, గుండె చప్పుడు సంగతితో సహా. ఆయన తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

సోనాబాయికి కూడా చెప్పాను, వారం తర్వాత తండాకు వెళ్లి. “నేను రాసుడు తప్పింది తల్లీ” అన్నాను. “నాకు గూడ తెల్వకపాయె. పక్కన్నే ఉన్న గదా” అన్నది. ఆ మాట నన్ను క్షమించినట్టో, తనను తాను కొట్టుకున్నట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెత్తురుకు తల్లి అయిన ‘స్లైట్’ మాటను తీసుకుపోయి నొప్పికి కట్టేశాను. అమ్మ చెప్పిన దూడ సంగతి అక్కడ మరిచాను. రెండు మాటలు ఒకే చిట్టీలో పక్కపక్కన ఉన్నంతమాత్రాన ఒకటే కొలత రెంటికీ సరిపోదు. రాసేటప్పుడు ఒక్కొక్కదాని దగ్గర ఆగి, విడిగా అడగాలి.

అంతకన్నా పెద్ద తప్పు ‘జర’ దగ్గర చేశాను. నేను ఆ మాటలోనే పుట్టిపెరిగాను. జర కూసో అంటే కొంచెమే కూర్చోమని కాదు. జర నా బిడ్డను సూడుండ్రి అంటే సగం చూడమని కాదు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెడుతున్నామని గొంతు తగ్గించి అడగడం, అంతే. నొప్పి ఎంతో ఆ మాట చెప్పదు. చెప్పే మనిషి మర్యాద ఎంతో చెబుతుంది. ఈ సంగతి ఏ కృష్ణా జిల్లా డాక్టరుకో తెలియకపోతే తప్పులేదు. నాకు తెలుసు. తెలిసీ, నవ్వులకు భయపడి తేలికైన అర్థం పట్టుకున్నాను.

ఆ తర్వాత చిట్టీ రాసే పద్ధతి మార్చుకున్నాను. ముందు చూసింది రాయాలి: పళ్లు బిగబట్టింది, నడవలేక ఒంగిపోయింది, పిలిస్తే పలకలేదు. తర్వాత దానికి తగిన మాట. చూసింది ఒకటీ లేకుండా సివియర్ అని రాయబుద్ధి అయితే పెన్ను ఆపాలి. చూసింది ఉండి కూడా రాయడానికి సిగ్గుపడితే, ఆ తువ్వాలను గుర్తుచేసుకోవాలి. నేను ఈ రెంటి మధ్య ఎన్నోసార్లు వణికాను. ఆ వణుకు ఉండనివ్వండి. అది పోయిన సిస్టర్లను చూశాను, చేతివేగం బాగుంటుంది.

విమలకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను. నవ్వింది ఆమే, లేచి నడిచి వెళ్లి చెయ్యి పెట్టి చూసిందీ ఆమే. నమ్మకం లేని మాట విని కూడా లేచే మనుషులు మన ఉద్యోగంలో ఉన్నారు, వాళ్లవల్లే మన తప్పులు కొన్నైనా ఆగుతున్నాయి. పొద్దున చెప్పుకునే మూడు వందనాల్లో ఒకటి ఆమె పేరిట పోతుంది.

రెండు నెలల తర్వాత

కమ్లి రక్తం మాత్రలకు ఒక్కతే వచ్చింది. చిక్కిపోయింది. లైను అయ్యేదాకా గోడ పక్కన నిలబడింది. జర ముందుగాల సూడుండ్రి అని కూడా అనలేదు. కూర్చోబెట్టి మాత్రలిచ్చాను. నా బల్ల సొరుగులో, చిట్టీల పుస్తకం పక్కనే, ఆ తువ్వాల ఉతికి మడిచి పెట్టి ఉంది. ఇవ్వాలా వద్దా అని చాలాసేపు ఊగాను. చివరికి తీసి ఇచ్చాను.

విప్పి చూసింది. గుర్తుపట్టింది. “మా అత్తది” అన్నది. “ఏడ పోయిందని లొల్లి పెట్టింది.”

“తూటు పడ్డది బిడ్డా. కొత్తది ఇస్త తీసుకో.”

“వద్దు బాయి. పొయ్యి మీది గిన్నె దించుకునేతందుకు పనికొస్తది.”

లేవబోతుంటే నేను ఉండబట్టలేక అడిగాను. అత్త లేదు, లైను లేదు, గదిలో మేమిద్దరమే.

“కమ్లీ, ఇప్పుడు నిజం చెప్పు. ఆ రోజు నొప్పి ఎంతుండె?”

ఆమె నా ముఖం చూడలేదు. నన్ను బాధపెట్టకూడదనుకున్నదో, మరి వేరే మాటే రాదో. తువ్వాల వైపు చూస్తూ మెల్లగా అన్నది.

“జర ఉండె బాయి.”

అంటున్నప్పుడు ఆమె బొటనవేలు ఆ తూటులోకి దూరి, అంచు వెంట తిరుగుతూనే ఉంది.